తర్వాత నేర్చుకోలేనివి ముందు: ఇంజినీరింగ్ కోసం స్కూల్లో ఏ సబ్జెక్టులు తీసుకోవాలి?

స్కూల్ చివరి రెండేళ్లకు సబ్జెక్టులు ఎంచుకునే రోజుల్లో, ఇంజినీరింగ్ చదవాలనుకునే పిల్లల చెవిన నాలుగు రకాల సలహాలు ఒకేసారి పడతాయి. లెక్కలు, ఫిజిక్స్ ఉంటే చాలంటారు ఒకరు. కెమిస్ట్రీ వదిలేస్తే సీటు రాదంటారు ఇంకొకరు. కంప్యూటర్ సైన్స్ తీసుకోకపోతే వెనకబడిపోతావని మూడోవాళ్లు. మార్కులు బాగా వచ్చేవి తీసుకో, మిగతావి కాలేజీలో చూసుకోవచ్చని నాలుగోవాళ్లు. అందరి మాటల్లోనూ కొంత నిజం ఉంది. అందుకే ఎవరి మాట వినాలో తేలక టెన్షన్ పెరుగుతుంది.

ఈ చిక్కుముడి ఎక్కడ పడిందో ముందు చూద్దాం. ‘ఇంజినీరింగ్‌కు ఏ సబ్జెక్టులు కావాలి?’ అనేది ఒకే ప్రశ్నలా వినిపిస్తుంది గానీ అందులో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. సీటుకు దరఖాస్తు పెట్టుకునే అర్హత రావాలంటే ఏం చదివి ఉండాలి? ప్రవేశ పరీక్ష ఉంటే అందులో దేని మీద ప్రశ్నలు ఇస్తారు? సీటొచ్చి క్లాసులో కూర్చున్నాక పాఠం బుర్రకెక్కాలంటే ఏం తెలిసి ఉండాలి? మొదటి రెండిటికీ జవాబు కాగితం మీద దొరుకుతుంది. కాలేజీ నిబంధనలు చదివితే ఒకటి, పరీక్ష సిలబస్ చదివితే రెండోది తెలిసిపోతాయి. మూడోదాని జవాబు మాత్రం ఎక్కడా అచ్చేసి ఉండదు.

చాలామంది దెబ్బతినేది అక్కడే. అర్హత ఉంది కాబట్టి పునాది కూడా ఉన్నట్టే అనుకుంటారు. ఫిజిక్స్ చదవకపోయినా చేర్చుకుంటామని ఒక కోర్సు చెప్పిందనుకోండి. ఆ కోర్సులో ఫిజిక్స్ అక్కర్లేదని దానికి అర్థం కాదు. పక్క బెంచీలో కూర్చున్నవాళ్లు రెండేళ్లలో నేర్చుకున్నదాన్ని మీరు మొదటి కొన్ని నెలల్లో, మిగతా పేపర్లతో పాటు, ఎవరూ విడమరిచి చెప్పకుండా నేర్చుకోవాలని అర్థం.

మూడో ప్రశ్నకు జవాబు వెతకడానికి నేను నమ్మే దారి ఒకటుంది. ఏ సబ్జెక్టు గురించైనా ‘ఇది ఉపయోగపడుతుందా?’ అని అడగొద్దు. అన్నీ ఎంతో కొంత ఉపయోగపడతాయి కాబట్టి ఆ ప్రశ్నతో ఏదీ తేలదు. ‘దీన్ని ఇప్పుడు వదిలేస్తే తర్వాత నేర్చుకోగలనా?’ అని అడగండి. కొన్ని సబ్జెక్టులు కొన్ని వారాలు గట్టిగా కూర్చుంటే వచ్చేస్తాయి. కొన్నిటికి ఏళ్లు పడతాయి, ఎంత చురుకైనవాళ్లకైనా. ఆ ఏళ్లు పట్టేవాటిని స్కూల్లోనే మొదలుపెట్టాలి.

లెక్కలు: ఇందులో బేరం లేదు

బీజగణితం చేతికి రాకుండా త్రికోణమితి సాగదు. ఆ రెండూ లేకుండా అవకలనం, సమాకలనం (రెండూ కలిపి కాల్క్యులస్) రావు. అవి రాకుండా అవకలన సమీకరణాలు, అంటే ఏది ఎంత వేగంగా మారుతుందో చెప్పే సమీకరణాలు, అసలే అర్థం కావు. ఇంజినీరింగ్‌లో చేరిన మొదటి, రెండో ఏడాదిలోనే ఆ అవకలన సమీకరణాలు వచ్చేస్తాయి. ఆ రోజు బోర్డు మీద రాసే పది లైన్లలో నిజానికి కొత్తది ఒకటో రెండో లైన్లు. మిగతావన్నీ స్కూలు లెక్కలే. వాటి దగ్గరే ఆగిపోయే పిల్లవాడికి కొత్త విషయం ఏ లైన్లో వచ్చిందో కూడా తెలియదు. ‘ఈ పేపర్ కష్టం’ అనుకుంటాడు. కష్టమైంది ఆ పేపర్ కాదు, మూడేళ్ల కిందట వదిలేసిన పాఠం.

పైగా లెక్కల్లో తెలియడం వేరు, చేతికి రావడం వేరు. ఒక బ్రాకెట్ ఎలా విప్పాలో తెలిసినవాళ్లు, ఆలోచించకుండా విప్పేయగలిగినవాళ్లు ఒకటి కాదు. రెండోవాళ్ల ధ్యాసంతా అసలు సమస్య మీద ఉంటుంది. ఈ చేతి అలవాటు పుస్తకం చదివితే రాదు, రెండేళ్లపాటు రోజూ కొన్ని లెక్కలు చేస్తే వస్తుంది. అందుకే దీన్ని వాయిదా వేయలేం.

‘ఇన్ని లెక్కలు నిజంగా ఎక్కడ వాడతారు?’ అని పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. జవాబుగా మీ చేతిలో ఉన్న స్కేలునే తీసుకోండి. అది 3 సెంటీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉందనుకుందాం. బల్ల అంచున పడుకోబెట్టి కొస నొక్కితే సులువుగా వంగుతుంది. అదే స్కేలును అంచు మీద నిలబెట్టి నొక్కండి, దాదాపు కదలదు. పదార్థం అదే, బరువూ అదే. అయినా అంచు మీద నిలబడ్డప్పుడు అది సరిగ్గా 100 రెట్లు గట్టిది. వంగకుండా నిలిచే గుణం వెడల్పుతో మామూలుగా, ఎత్తుతో మాత్రం ఘనంగా పెరుగుతుంది. ఎత్తు 10 రెట్లయితే గట్టిదనం 1000 రెట్లు అవుతుంది, వెడల్పు పదో వంతుకు తగ్గింది కాబట్టి చివరికి 100 మిగులుతుంది. ఆ ఘనం ఎక్కడి నుంచి వచ్చింది? స్కేలును అడ్డంగా కోస్తే కనిపించే ముఖంలో ప్రతి సన్నని పొరా మధ్య గీత నుంచి ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాల వర్గాలన్నిటినీ సమాకలనం చేస్తే వచ్చింది. వర్గాన్ని సమాకలనం చేస్తే ఘనం వస్తుందని స్కూల్లో నేర్చుకున్న ఆ ఒక్క ముక్కే ఇది. ఉక్కు దూలాలు ‘ఐ’ అక్షరం ఆకారంలో, పైనా కిందా ఎక్కువ లోహంతో, మధ్యలో సన్నగా ఉండేది ఇందుకే.

ఇంకో ఉదాహరణ. వేడినీళ్లు గదిలో పెడితే ఎలా చల్లారతాయి? మొదట గబగబా, తర్వాత నెమ్మదిగా. కెపాసిటర్‌లో నిండిన విద్యుదావేశం రెసిస్టర్ గుండా ఖాళీ అయ్యేది కూడా అచ్చం అలాగే. రేడియోధార్మిక పదార్థం తరిగిపోయేదీ అంతే. మూడింటికీ ఒకటే సమీకరణం: తగ్గే వేగం, మిగిలి ఉన్నదానికి అనులోమం (నీళ్ల విషయంలో మిగిలి ఉన్నదంటే గదికీ నీళ్లకూ మధ్య వేడిలో తేడా). దాన్ని ఒకసారి సాధించినవాళ్లకు మూడు శాఖల్లో మూడు పాఠాలు ఒకే దెబ్బకు వచ్చేస్తాయి. కెపాసిటర్ విషయంలో ఒక ‘టైమ్ కాన్‌స్టంట్’ (రెసిస్టెన్స్‌ను కెపాసిటెన్స్‌తో గుణిస్తే వచ్చే సమయం) గడిచేసరికి 37 శాతం మిగులుతుంది, ఐదు గడిచేసరికి ఒక శాతం కన్నా తక్కువ. బట్టీ పట్టేవాళ్లకు ఇవి రెండు అంకెలు. ఘాత ప్రమేయం (ఎక్స్‌పొనెన్షియల్ ఫంక్షన్) అర్థమైనవాళ్లకు ఇవి గుర్తుపెట్టుకోవాల్సిన పని కూడా లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు లెక్కగట్టుకుంటారు.

సంకీర్ణ సంఖ్యల (కాంప్లెక్స్ నంబర్ల) పాఠం దగ్గర చాలామందికి విసుగొస్తుంది. మైనస్ ఒకటికి వర్గమూలం ఏంటి, అది లోకంలో ఎక్కడైనా ఉందా అని. 1890ల్లో చార్లెస్ స్టైన్‌మెట్జ్ అనే ఇంజినీరు ఆల్టర్నేటింగ్ కరెంటు లెక్కలను ఈ సంఖ్యలతో చేసి చూపించాడు. అంతవరకూ అవకలన సమీకరణాలతో కుస్తీ పట్టాల్సిన సర్క్యూట్ లెక్కలు ఆ తర్వాత మామూలు బీజగణితంలా మారిపోయాయి. ఎలక్ట్రికల్ వాళ్లు ఆ వర్గమూలాన్ని ‘ఐ’ అనకుండా ‘జె’ అంటారు. వాళ్ల దగ్గర ‘ఐ’ అనే అక్షరాన్ని కరెంటు అప్పటికే తీసేసుకుంది మరి.

ఫారడే సంగతేంటి అని అడిగేవాళ్లుంటారు. మైఖేల్ ఫారడేకు పెద్దగా లెక్కలు రావు, అయినా 1831లో విద్యుదయస్కాంత ప్రేరణను, అంటే తీగ చుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే కరెంటు పుడుతుందని, కనిపెట్టాడు, జనరేటర్లకు మూలం అదే. నిజమే. ఆయన బొమ్మలు గీసుకుని ఊహించుకున్న బలరేఖలను సమీకరణాల్లోకి మార్చింది జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్. ఆ సమీకరణాల నుంచే వెలుగు కూడా విద్యుదయస్కాంత తరంగమేనని తేలింది, వాటి వెనకాలే రేడియో వచ్చింది. కొత్త విషయం కనిపెట్టడానికి ఫారడే చూపు చాలింది. ఒక మోటారు ఎంత వేడెక్కుతుందో, ఎన్ని చుట్లు చుట్టాలో, ఎంత బరువు లాగుతుందో తయారు చేయకముందే చెప్పాలంటే మాక్స్‌వెల్ కావాలి. ఇంజినీరు రోజూ చేసేది ఈ రెండో పని.

లెక్కల్లోనే మళ్లీ రకాలుండే చోట మరింత జాగ్రత్త పడాలి. కొన్ని విద్యావిధానాల్లో ‘మ్యాథ్స్’ అనే ఒక్క పేరు కింద రెండు వేరు వేరు కోర్సులు నడుస్తాయి. ఇంటర్నేషనల్ బాకలారియేట్ అనే అంతర్జాతీయ స్కూలు కోర్సులో 2019 నుంచి ‘అనాలిసిస్ అండ్ అప్రోచెస్’, ‘అప్లికేషన్స్ అండ్ ఇంటర్‌ప్రెటేషన్’ అని రెండున్నాయి, ఒక్కోదాంట్లో మళ్లీ రెండు స్థాయిలు. ఇంజినీరింగ్‌కు దగ్గరి దారి మొదటిదాని పై స్థాయి. ఏ విధానంలో చదువుతున్నా పాఠాల పట్టికలో కాల్క్యులస్, త్రికోణమితి, వెక్టర్లు, సంకీర్ణ సంఖ్యలు ఉన్నాయో లేదో చూడండి. పేరు చూసి మోసపోవద్దు. మార్కుల కోసం తేలికది తీసుకుంటే ఆ తేడా మొదటి సెమిస్టర్‌లోనే బయటపడుతుంది. సంభావ్యత, గణాంకాలు కూడా ఉంటే ఇంకా మంచిది. కొలతల్లో తేడాలు, వస్తువుల నాణ్యత, నెట్‌వర్క్ రద్దీ, మెషీన్ లెర్నింగ్, అన్నిటికీ అవి కావాలి.

ఫిజిక్స్: లోకాన్ని బొమ్మగా, బొమ్మను లెక్కగా మార్చే అలవాటు

లెక్కల తర్వాత వాయిదా వేయలేనిది ఇది. ఫిజిక్స్ అంటే సూత్రాల జాబితా అనుకుంటే దాన్ని ఎప్పుడైనా నేర్చుకోవచ్చు, సూత్రాలు పుస్తకంలో ఎక్కడికీ పోవు. రెండేళ్ల ఫిజిక్స్ ఇచ్చే అసలు సంపద వేరే ఉంది. ఎదురుగా గజిబిజిగా ఉన్న వస్తువును చూసి, ‘ఇందులో ఒక్క ముక్కను విడదీసి దాని మీద పనిచేసే బలాలన్నీ గీస్తే ఏం కనిపిస్తుంది?’ అని అడిగే అలవాటు అది. మనసు అలా తయారవడానికి సమయం పడుతుంది.

దీని విలువ ఎంతో చెప్పడానికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది 1981 జూలై 17. అమెరికాలోని కాన్సస్ సిటీలో ఒక హోటల్ హాలు మీదుగా గాల్లో వేలాడే నడకదారులు ఉండేవి. ఒకదాని కింద ఇంకొకటి, ఉక్కు కడ్డీలతో పైకప్పుకు వేలాడదీసినవి. ఆ సాయంత్రం హాలు నిండా జనం ఉండగా రెండు నడకదారులు కూలాయి, 114 మంది చనిపోయారు.

మొదటి డిజైన్‌లో ఒక పొడవాటి కడ్డీ పైకప్పు నుంచి బయల్దేరి పై నడకదారి గుండా దిగి కింది నడకదారి దాకా వెళ్తుంది. రెండు నడకదారులూ ఆ కడ్డీనే పట్టుకుని వేలాడతాయి. కట్టేటప్పుడు వీలు కోసం దాన్ని రెండు కడ్డీలుగా మార్చారు. ఒకటి పైకప్పు నుంచి పై నడకదారి వరకు, ఇంకొకటి పై నడకదారి నుంచి కింది నడకదారి వరకు. డ్రాయింగ్‌లో చూస్తే చిన్న మార్పు. ఇప్పుడు దీన్ని మనుషులతో ఊహించుకోండి. ఒక తాడును ఇద్దరు పట్టుకుని వేలాడుతున్నారు, ఎవరి బరువు వాళ్ల చేతుల మీదే ఉంది. మార్పు తర్వాత కిందివాడు తాడు వదిలేసి పైవాడి కాళ్లు పట్టుకున్నాడు. తాడుకు తేడా ఏమీ లేదు, అప్పుడూ ఇద్దరి బరువే, ఇప్పుడూ ఇద్దరి బరువే. పైవాడి పిడికిళ్ల మీద మాత్రం భారం రెట్టింపైంది. అక్కడ తెగింది కూడా ఆ పిడికిలే, అంటే పై నడకదారి దూలాన్ని కడ్డీకి పట్టి ఉంచిన నట్టు దగ్గరి అతుకు. అసలు డిజైనే నిబంధనలు కోరినంత బలంగా లేదని విచారణలో తేలింది, ఆ బలహీనత మీద ఈ రెట్టింపు పడింది.

ఇందులో కాలేజీ చదువు అవసరమైన ముక్క ఒక్కటీ లేదు. ఆ నట్టును విడదీసి దాని మీది బాణాలు గీస్తే స్కూల్ పిల్లలకు కూడా భారం రెట్టింపవడం కనిపిస్తుంది. ఎవరూ గీయలేదు. ఫిజిక్స్ క్లాసులో ‘ఫ్రీ బాడీ డయాగ్రమ్ గీయండి’ అంటే మార్కులు రావని వదిలేసే పిల్లలకు ఈ కథ తప్పకుండా చెప్పాలని నా కోరిక.

ప్రమాణాల (యూనిట్ల) సంగతీ అంతే. 1999 సెప్టెంబరులో నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దగ్గరకు చేరాక పోయింది. భూమి మీద ఒక సాఫ్ట్‌వేర్ ఇంజిన్ల నెట్టుడును పౌండు-ఫోర్స్ సెకన్లలో ఇచ్చింది, దాన్ని అందుకున్న సాఫ్ట్‌వేర్ న్యూటన్ సెకన్లనుకుంది. ఒక్కో అంకె దాదాపు 4.45 రెట్లు తప్పింది. జవాబు పక్కన ప్రమాణం రాయకపోతే అర మార్కు కోసేసే టీచర్ మీద కోపం తెచ్చుకోకండి.

ఫిజిక్స్‌లో కూడా యాంత్రికశాస్త్రం, విద్యుత్తు అన్నిటికన్నా ముఖ్యం. మెకానికల్, సివిల్, ఏరోస్పేస్ మొదటి దాని మీద, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ రెండో దాని మీద నిలబడతాయి. ల్యాబ్‌ను మార్కుల తంతుగా చూడకుండా చేసుకుంటే చాలు, మూడుసార్లు కొలిస్తే మూడు రకాలుగా ఎందుకు వచ్చిందో ఆలోచించడం అక్కడే అలవాటవుతుంది.

కెమిస్ట్రీ: శాఖను బట్టి, కానీ తొందరపడి వదలొద్దు

కెమికల్, మెటలర్జీ, మెటీరియల్స్, పర్యావరణ ఇంజినీరింగ్ అనుకునేవాళ్లకు కెమిస్ట్రీ గురించి చర్చే లేదు, తీసుకోవాల్సిందే. మిగతా శాఖలవాళ్లకు ఇది లెక్కలంత, ఫిజిక్సంత అవసరం కాదని నేను నిజాయితీగా ఒప్పుకుంటాను. మొదటి ఏడాదిలో ఒక కెమిస్ట్రీ పేపర్ ఉన్నా, స్కూల్లో తక్కువ చదివినవాళ్లు కష్టపడి గట్టెక్కవచ్చు. ఎందుకంటే కెమిస్ట్రీలో చాలా భాగాలు విడివిడిగా చదువుకునేందుకు వీలున్నవి. కర్బన రసాయనాల చర్యలన్నీ రాకపోయినా విద్యుత్ రసాయనం అర్థమవుతుంది.

అయినా వదిలే ముందు ఒకసారి చుట్టూ చూడండి. సిమెంటు ఆరిపోయి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది నీటితో రసాయన చర్య జరిగి గట్టిపడుతుంది, అందుకే ఎండనివ్వకుండా రోజుల తరబడి తడుపుతారు. సివిల్ ఇంజినీరుకు అది కెమిస్ట్రీ పాఠమే. సిలికాన్‌లో అతి స్వల్పంగా ఫాస్ఫరస్‌నో బోరాన్‌నో కలిపితే దాని విద్యుత్ స్వభావం మారిపోతుంది, చిప్పుల పరిశ్రమంతా ఆ కలపడం మీదే ఉంది. 2019లో కెమిస్ట్రీ నోబెల్ లిథియం అయాన్ బ్యాటరీకి బాటలు వేసిన ముగ్గురికి వచ్చింది. విద్యుత్ వాహనాల మీద పనిచేయాలనుకునే మెకానికల్ కుర్రాడు ఆ బ్యాటరీ చలిలో ఎందుకు మొరాయిస్తుందో తెలుసుకోవాలంటే మళ్లీ కెమిస్ట్రీ తలుపే తట్టాలి.

1986 జనవరి 28న చాలెంజర్ అంతరిక్ష నౌక గాల్లోకి లేచిన 73 సెకన్లకు ముక్కలైంది, ఏడుగురు చనిపోయారు. రాకెట్ భాగాల అతుకుల్లో ఉన్న రబ్బరు రింగు చలికి బిగుసుకుని, సమయానికి సాగి సందును మూయలేకపోయింది. విచారణ సంఘంలో ఉన్న భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ అందరి ముందూ ఆ రబ్బరు ముక్కను బిగించి ఐసు నీళ్లలో ముంచి, బయటకు తీసి, అది వెంటనే పాత ఆకారానికి రావడం లేదని చూపించాడు. పదార్థం ఎప్పుడు ఎలా ప్రవర్తిస్తుందో అడిగే బుద్ధి ఫిజిక్స్‌కు, కెమిస్ట్రీకి మధ్య సరిహద్దులో పుడుతుంది.

కాబట్టి నా సలహా ఇది. ఏ శాఖో ఇంకా తేల్చుకోనివాళ్లు లెక్కలు, ఫిజిక్స్‌తో పాటు కెమిస్ట్రీ ఉంచుకోండి. పదహారేళ్లకు శాఖ తేల్చుకోకపోవడం తప్పేమీ కాదు. శాఖ ఖాయంగా తెలిసి, అది కెమిస్ట్రీకి దూరంగా ఉండి, అర్హతలోనూ ప్రవేశ పరీక్షలోనూ దాన్ని అడగకపోతే, ఆ మూడూ కలిసినప్పుడే మూడో స్థానం వేరేదానికి ఇవ్వండి.

కంప్యూటర్ సైన్స్, బయాలజీ, డ్రాయింగ్

స్కూల్లో కంప్యూటర్ సైన్స్ తీసుకోకపోతే సాఫ్ట్‌వేర్‌కు పనికిరామని భయపడేవాళ్లు ఎక్కువ. ఆ భయం అక్కర్లేదు. కాలేజీలో ప్రోగ్రామింగ్‌ను సాధారణంగా మొదటి అక్షరం నుంచి నేర్పుతారు. ఆసక్తి ఉన్నవాళ్లు ఒక వేసవిలో ఇంట్లోనే ఒక భాష నేర్చుకోగలరు. ముందు చెప్పిన పరీక్ష పెడితే ఇది ‘తర్వాత నేర్చుకోగలిగిన’ జాబితాలో పడుతుంది. ఇష్టంగా తీసుకుంటే చాలా మంచిది. తన తప్పును తానే వెతికి పట్టుకునే ఓపిక ప్రోగ్రాములు రాస్తే వచ్చినంత బాగా ఇంకెక్కడా రాదు. లెక్కలనో ఫిజిక్స్‌నో పక్కకు నెట్టి దాని చోట తీసుకోవడమే పొరపాటు.

ఎందుకంటే కంప్యూటర్ సైన్స్ లోపల ఉన్నది కూడా లెక్కలే. 1854లో జార్జ్ బూల్ తర్కాన్ని బీజగణితంగా రాశాడు. 1937లో క్లాడ్ షానన్ అనే విద్యార్థి తన మాస్టర్స్ థీసిస్‌లో ఆ బీజగణితం స్విచ్చుల సర్క్యూట్లకు సరిగ్గా అతుకుతుందని చూపించాడు. మన చేతుల్లోని ప్రతి డిజిటల్ పరికరం ఆ రెండిటి వారసత్వమే. ఈరోజు అందరూ మాట్లాడుకునే మెషీన్ లెర్నింగ్‌ను విప్పి చూస్తే లోపల మాత్రికలు (మ్యాట్రిక్స్‌లు), అవకలనం, సంభావ్యత కనిపిస్తాయి. ‘నాకు కోడింగ్ ఇష్టం, లెక్కలు వద్దు’ అనే మాట వింటే నాకు బాధగా ఉంటుంది. ఆ పిల్లలు రెండేళ్లలో ఎక్కడ ఆగిపోతారో ముందే కనిపిస్తుంది.

బయాలజీ విషయంలోనూ ఇలాంటి అపోహే ఉంది. బయోమెడికల్ తీసుకుంటే లెక్కల బెడద తప్పుతుందని కొందరనుకుంటారు. సన్నని గొట్టంలో ద్రవం సాఫీగా పారేటప్పుడు ప్రవాహం వ్యాసార్ధం నాలుగో ఘాతంతో మారుతుంది. ఒత్తిడి అంతే ఉండి గొట్టం వ్యాసార్ధం సగమైతే ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుంది. రక్తనాళం కొంచెం పూడుకున్నా అంత ప్రమాదం ఎందుకో ఇది చెప్తుంది, దాన్ని తెరిచే పరికరం డిజైన్ చేసేవాళ్లకు ఇది రోజువారీ లెక్క. బయోమెడికల్, బయోటెక్నాలజీ ఇష్టమున్నవాళ్లు బయాలజీని కలుపుకోండి, లెక్కలకు బదులుగా మాత్రం కాదు.

ఇంజినీరింగ్ డ్రాయింగ్ గానీ, టెక్నికల్ గ్రాఫిక్స్ గానీ స్కూల్లో దొరికితే అదృష్టమే. 18వ శతాబ్దం రెండో సగంలో ఫ్రాన్స్‌లో గాస్పార్ మోంజ్ ఒక వస్తువును పైనుంచి, ముందునుంచి చూసిన చదును బొమ్మలతో పూర్తిగా చెప్పే పద్ధతిని రూపొందించాడు. కొంతకాలం దాన్ని సైనిక రహస్యంగా దాచారు కూడా. బొమ్మను మనసులో తిప్పి చూడగలిగే శక్తి పుట్టుకతో రావాల్సిందేనని చాలామంది నమ్మకం. అది సాధనతో బాగా పెరుగుతుంది. ఆ సంగతిని షెరిల్ సార్బీ అనే ఇంజినీరింగ్ ప్రొఫెసర్ 1990ల నుంచి తన విద్యార్థులతోనే చేసి చూపించారు. కాబట్టి ఆ సబ్జెక్టు దొరకకపోతే దిగులు పడొద్దు. చేతికందిన వస్తువును తీసుకుని మూడు వైపుల నుంచీ కాగితం మీద గీయడం మొదలుపెడితే చాలు.

భాష సంగతి

సైన్స్ పిల్లలు అందరికన్నా ముందు పక్కన పెట్టేది భాషనే. ఇంజినీర్లకు రాయడం ఎందుకని. కెనడాలో సెయింట్ లారెన్స్ నది మీద కడుతున్న క్యుబెక్ వంతెన 1907 ఆగస్టు 29న కూలి 75 మంది పనివాళ్లు చనిపోయారు. వంతెన కింది భాగాలు వంగుతున్నాయని సైట్‌లో ఉన్నవాళ్లు అంతకు ముందే గమనించారు, ఉత్తరాలు నడిచాయి, వాదనలు జరిగాయి. ఇంకా బరువు పెట్టొద్దని న్యూయార్క్ నుంచి సలహాదారు ఇచ్చిన టెలిగ్రామ్, వంతెన కడుతున్న కంపెనీ ఆఫీసుకు వెళ్లింది గానీ సైట్‌కు సమయానికి చేరలేదు. లెక్కల్లో తప్పు అసలు కారణమే. దాన్ని కనిపెట్టాక కూడా ప్రాణాలు కాపాడలేకపోవడానికి కారణం మాత్రం ఒక మాట చేరాల్సిన చోటికి, చేరాల్సినంత గట్టిగా చేరకపోవడం. భాషను విడిగా పెద్ద సబ్జెక్టుగా తీసుకోమని చెప్పను. ఉన్న భాషా క్లాసును నిర్లక్ష్యం చేయొద్దని, ఒక ప్రయోగం ఎలా చేశారో అది చూడనివాళ్లకు అర్థమయ్యేలా ఒక పేజీ రాయడం నేర్చుకోమని చెప్తాను.

ఎకనామిక్స్, చరిత్ర, కళలు నాలుగో సబ్జెక్టుగా తీసుకునే వీలుంటే ఇష్టమైనది తీసుకోండి. అక్కడ తప్పు ఎంపిక అంటూ ఉండదు.

నిబంధనలు చదివేటప్పుడు

ఇప్పుడు మొదటి రెండు ప్రశ్నలకు తిరిగొద్దాం, అవి చిన్నవి కాబట్టి చివరికి ఉంచాను. కాలేజీల నిబంధనలు దేశాన్ని బట్టి, యూనివర్సిటీని బట్టి, ఒక్కోసారి ఒకే యూనివర్సిటీలో శాఖను బట్టి మారతాయి. వాటిలో ‘తప్పనిసరి’, ‘ఉంటే మంచిది’, ‘అంగీకరిస్తాం’ అనే మూడు మాటలూ ఒకటి కాదు. మొదటిది లేకపోతే దరఖాస్తును తెరిచి కూడా చూడరు. రెండోది పైకి మర్యాదగా కనిపించినా పోటీ గట్టిగా ఉన్నచోట దాదాపు మొదటిదానితో సమానం. సబ్జెక్టు పేరుతో పాటు ఏ స్థాయిలో, ఎన్ని మార్కులతో అని ఉంటుంది, అది కూడా చదవాలి. వెళ్లాలనుకునే నాలుగైదు చోట్ల నిబంధనలు ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకోండి. అన్నిటికన్నా కఠినమైనదాన్ని బట్టి సబ్జెక్టులు ఎంచుకుంటే మిగతా తలుపులన్నీ వాటంతటవే తెరిచి ఉంటాయి. సీనియర్ ఎవరో చెప్పారని నమ్మేయొద్దు. వాళ్లు చేరిన ఏడాది నిబంధన ఇప్పుడు ఉండకపోవచ్చు.

మార్కుల కోసం తేలిక సబ్జెక్టు తీసుకోవచ్చా అన్నది ఇక్కడే తేలుతుంది. నాలుగో సబ్జెక్టులో అలా చేయండి, నష్టం లేదు. లెక్కల్లో, ఫిజిక్స్‌లో చేస్తే దరఖాస్తు రోజు లాభం, ఆ తర్వాత నాలుగేళ్లూ నష్టం.

లెక్కలంటే భయం ఉన్నవాళ్లు ఏం చేయాలి? ముందు అది భయమా, ఖాళీయా అని చూడండి. కింది తరగతి పుస్తకం తీసుకుని భిన్నాలు, సమీకరణాలు, ఘాతాంకాలు, గ్రాఫులు వరసగా చేస్తూ వెళ్లండి. ఎక్కడో ఒకచోట చెయ్యి ఆగుతుంది. చాలామందికి ఆ ఆగిన చోటు ఒక్క అధ్యాయమే, దాన్ని పూడ్చాక భయం చాలావరకు పోతుంది. అలా కాకుండా, లెక్క వస్తున్నా దానితో అరగంట గడపడం నరకంలా అనిపిస్తే, మీకు నచ్చింది ఇంజినీరింగేనా, ఆ పేరా అని ఇంట్లోవాళ్లతో కూర్చుని మాట్లాడాల్సిన సమయం అది. అలా మాట్లాడటంలో ఓటమి లేదు.

ఇప్పటికే వేరే సబ్జెక్టులు తీసుకున్నవాళ్లకు దారి మూసుకుపోలేదు. చాలాచోట్ల ఫౌండేషన్ ఇయర్, బ్రిడ్జి కోర్సు, డిప్లొమా మీదుగా డిగ్రీలోకి వెళ్లే మార్గాలు ఉన్నాయి. న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వంతెన కట్టేటప్పుడు ప్రధాన ఇంజినీరు వాషింగ్టన్ రోబ్లింగ్ జబ్బుపడి ఇంటికే పరిమితమైతే, ఆయన భార్య ఎమిలీ రోబ్లింగ్ పెద్దయ్యాక, పెళ్లయ్యాక, ఆ అవసరం నెత్తిన పడ్డాకే లెక్కలు, పదార్థాల బలం, కేబుళ్ల నిర్మాణం నేర్చుకుంది. పదేళ్లకు పైగా సైట్‌కూ భర్తకూ మధ్య పని నడిపింది. 1883లో వంతెన తెరిచినప్పుడు మొదట దాటినవాళ్లలో ఆమె ఉంది. ఆలస్యంగా మొదలుపెట్టేవాళ్లు ఆమెలాగే అవసరమైన వరసలో వెళ్లాలి: ముందు బీజగణితం, తర్వాత ప్రమేయాలు, గ్రాఫులు, త్రికోణమితి, ఆపైన అవకలనం, సమాకలనం, వాటితో పాటే వెక్టర్లు, యాంత్రికశాస్త్రం కలిపి. కాల్క్యులస్ నుంచి మొదలుపెట్టాలని తొందర పుడుతుంది. అలా మొదలుపెట్టినవాళ్లు రెండో వారానికే ఘాతాంకాల నియమాల కోసం వెనక్కి రావాల్సి వస్తుంది, కాబట్టి మొదటి నెల పూర్తిగా బీజగణితానికే ఇవ్వండి.